ఊపిరితిత్తుల్లో బూజు పడితే?

మనిషి రోజుకు 21,600 సార్లు ఊపిరి పీలుస్తాడని మన పెద్దలు లెక్క కట్టారు. నిమిషానికి 15 చొప్పున వేసుకుంటే ఆ లెక్క సరిగ్గా సరిపోతుంది. కావాలంటే గుణించి చూడండి. ఒక్కొక్క ఊపిరికి సుమారు అర లీటరు గాలి లోపలికి పోతుంది. అంటే రోజుకు పదివేల లీటర్ల పైచిలుకు గాలి మన ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి వస్తున్నదన్నమాట. ఆ గాలి వట్టి ఆక్సిజన్, నైట్రోజన్‌ల మిశ్రమమే అనుకుంటున్నారా? అందులో దుమ్ము ఉంటుంది, పుప్పొడి ఉంటుంది, పొగ ఉంటుంది. వాటితోపాటు బూజు విత్తనాలు కూడా ఉంటాయి. ఒకే ఒక రకం బూజు విత్తనాలు రోజుకు కొన్ని వందలు మనలో ప్రతి ఒక్కరి ఊపిరితిత్తుల్లోకి చేరుతున్నాయని శాస్త్రజ్ఞుల అంచనా.

తడి తగిలిన రొట్టె ముక్కను నాలుగు రోజులు వదిలేస్తే బూజు పడుతుంది. వానాకాలంలో చెప్పులకు పడుతుంది, ఊరగాయ జాడీలో పడుతుంది. ఊపిరితిత్తుల లోపల కూడా తడి ఉంది, వెచ్చదనం ఉంది, బూజుకు కావలసినంత ఆహారం ఉంది. మరి అక్కడ ఎందుకు బూజు పట్టడం లేదు?

ప్రశ్న తమాషాగా తోచవచ్చు. కాని కొందరి ఊపిరితిత్తుల్లో నిజంగానే బూజు పడుతుంది. వాళ్ళలో మీ వయసు పిల్లలు కూడా ఉంటారు. సకాలంలో కనిపెట్టి మందు ఇవ్వకపోతే అలాంటి మనిషి దక్కడం కష్టం. బూజు అదే, గాలి అదే. మనల్ని ఏమీ చెయ్యని బూజు వాళ్ళ ప్రాణం మీదికి ఎందుకు తెస్తుంది?

పన్నీరు బుడ్డి

బూజులు, పుట్టగొడుగులు, ఈస్టు వీటన్నిటినీ కలిపి శిలీంధ్రాలంటారని మీరు చదువుకున్నారు. ఇవి మొక్కలు కావు. పత్రహరితం లేదు కనుక తమ ఆహారం తాము తయారు చేసుకోలేవు. చచ్చిన ఆకుల మీదో, గింజల మీదో, పెంటకుప్పల మీదో బతుకుతాయి. సన్నని దారాల్లాంటి తంతువులను ఆహారంలోకి చొప్పించి, దాన్ని అక్కడికక్కడే జీర్ణం చేసుకుని పీల్చుకుంటాయి. వాటి విత్తనాలను సిద్ధబీజాలంటారు.

మనం ఇందాక చెప్పుకున్న బూజు పేరు ఆస్పెర్జిల్లస్. ఆ పేరు వెనుక చిన్న కథ ఉంది. 1729లో ఇటలీ దేశపు ఫ్లారెన్స్ నగరంలో పియర్ ఆంటోనియో మికేలి అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఈ బూజును సూక్ష్మదర్శినిలో చూసి వర్ణించాడు. ఆయన క్రైస్తవ మతగురువు కూడా. నిటారుగా నిలిచిన కాడ, దాని కొసన గుండ్రటి తల, ఆ తల చుట్టూ వరుసలు వరుసలుగా బీజాలు కనిపించాయి. చర్చిలో పవిత్రజలం చిలకరించే సాధనం ఆయనకు గుర్తుకొచ్చింది. లాటిన్‌లో దాన్ని ఆస్పెర్జిల్లం అంటారు. బూజుకు ఆ పేరే పెట్టాడు. మనవాళ్ళెవరైనా ముందు చూసి ఉంటే పెళ్ళిళ్ళలో పన్నీరు చల్లే బుడ్డి పేరు పెట్టి ఉండేవారేమో!

ఆస్పెర్జిల్లస్‌లో కొన్ని వందల జాతులున్నాయి. అన్నీ చెడ్డవి కావు. ఒక జాతి జపానులో సోయా గింజలను పులియబెట్టి సాస్ తయారు చేసి పెడుతుంది. ఇంకొక నల్లని జాతి నుంచి పరిశ్రమల్లో సిట్రిక్ ఆమ్లం తీస్తారు. మరొకటి చెమ్మ తగిలిన వేరుశనగ గింజల మీద పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని చేరుస్తుంది. రాయలసీమ రైతులకు దీని సంగతి బాగా తెలుసు. మన కథకు ముఖ్యమైనది ఆస్పెర్జిల్లస్ ఫ్యూమిగేటస్. పొగరంగు గలది అని ఆ పేరుకు అర్థం.

దీని అసలు నివాసం పెంటకుప్ప. చలికాలం ఉదయం పెంటకుప్పను తిరగేస్తే ఆవిరి లేవడం పల్లెటూరి పిల్లలు చూసే ఉంటారు. కుళ్ళుతున్న చెత్త లోపల వేడి 50 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ వేడిలో చాలా సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. ఈ బూజు మాత్రం హాయిగా పెరుగుతుంది. దాని బీజాలు పొడిగా, తేలికగా ఉంటాయి. కాస్త గాలి తగిలితే చాలు, లేచిపోతాయి. ఒక్కొక్క బీజం రెండు మూడు మైక్రాన్లు మాత్రమే ఉంటుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు గదా. మన తలవెంట్రుక మందంలో ఇలాంటి బీజాలను పాతిక దాకా పక్కపక్కన పేర్చవచ్చు. ఈ కొలత గుర్తుంచుకోండి, దీనితో పని ఉంది.

(రొట్టె బూజును మీరు కూడా చూడవచ్చు. తడిపిన రొట్టె ముక్కను పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి గట్టిగా కట్టి, వారం రోజులు భూతద్దంతో పరిశీలించండి. సంచి విప్పకండి, వాసన చూడకండి. చూడడం అయ్యాక సంచిని అలాగే పారేయండి.)

నాలుగు కాపలాలు

మన ఒంటికి ఉన్న మొదటి కాపలా దాని వేడే. శిలీంధ్రాల్లో చాలా వాటికి 25, 30 డిగ్రీల వేడి ఇష్టం. మన శరీరం 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. 30 నుంచి 40 డిగ్రీల మధ్య వేడి ఒక్కొక్క డిగ్రీ పెరిగేకొద్దీ శిలీంధ్ర జాతుల్లో సుమారు నూటికి ఆరు చొప్పున పెరగలేక ఆగిపోతాయని 2009లో ప్రచురించిన ఒక పరిశీలనలో తేలింది. కప్పలకు, మొక్కలకు శిలీంధ్ర రోగాలు ఎక్కువగానూ, మనకు తక్కువగానూ రావడానికి ఇదొక కారణమని అనుకుంటున్నారు. కాని పెంటకుప్ప వేడికి అలవాటు పడిన ఆస్పెర్జిల్లస్ ఫ్యూమిగేటస్‌కు 37 డిగ్రీలు ఒక లెక్కా?

రెండో కాపలా ముక్కు, శ్వాసనాళాలు. పెద్ద నలుసులు ముక్కులోని వెంట్రుకల్లోను, చీమిడిలోను చిక్కుకుంటాయి. అంతకన్నా చిన్నవి శ్వాసనాళాల గోడలకున్న జిగట పొరకు అంటుకుంటాయి. ఆ గోడల మీద శైలికలనే సన్నని నూగు ఉంటుంది. అది ఆగకుండా పైకి ఊడుస్తూనే ఉంటుంది. అలా గొంతులోకి వచ్చిన దాన్ని మనకు తెలియకుండానే మింగేస్తాం. ఇప్పుడా కొలత గుర్తు తెచ్చుకోండి. రెండు మూడు మైక్రాన్ల బీజం ఈ వలలన్నిటినీ తప్పించుకుని గాలితోపాటు చివరిదాకా, అంటే వాయుగోణుల దాకా వెళ్ళిపోగలదు. మన ఊపిరితిత్తుల్లో 30 కోట్లకు పైగా వాయుగోణులున్నాయి. వాటి గోడకు అవతలనే రక్తం పారుతూ ఉంటుంది.

అక్కడ ఉంటుంది మూడో కాపలా. వాయుగోణుల లోపల తిరుగాడే పెద్ద భక్షక కణాలు బయటి నుంచి వచ్చిన నలుసును పట్టి మింగేస్తాయి. అయితే ఈ బీజం మారువేషం వేసుకుని వస్తుంది. దాని మీద నీరంటని ఒక ప్రోటీను పొర ఉంటుంది. ఆ పొర ఉన్నంతసేపు భక్షక కణాలు దాన్ని శత్రువుగా గుర్తుపట్టలేవు. ఒక విధంగా ఇది మనకు మేలే! పీల్చిన ప్రతి బీజానికీ శరీరం కయ్యానికి దిగితే, ఊపిరితిత్తులు రోజూ వాచి ఉండేవి. కొన్ని గంటల తరువాత, తడి తగిలి మొలకెత్తబోయే బీజం ఉబ్బి పై పొరను విడుస్తుంది. వేషం తీసేసిందో లేదో, భక్షక కణం దాన్ని పట్టేస్తుంది.

ఎప్పుడైనా ఒకటో రెండో బీజాలు తప్పించుకుని తంతువుగా మొలిచాయనుకోండి. తంతువు పొడుగ్గా సాగిపోతుంది, దాన్ని ఏ కణమూ మింగలేదు. అప్పుడు రంగంలోకి దిగేవి న్యూట్రోఫిల్‌లనే తెల్ల రక్తకణాలు. ఇవి గుంపుగా వచ్చి తంతువును చుట్టుముట్టి, ఆక్సిజన్ నుంచి తయారైన తీవ్రమైన పదార్థాలను దాని మీద కుమ్మరిస్తాయి. చచ్చిపోతూ కూడా తమలోని డి.ఎన్.ఏ. పోగులను వలలా విసురుతాయి. మన ఎముక మూలుగ రోజుకు సుమారు పదివేల కోట్ల న్యూట్రోఫిల్‌లను తయారు చేస్తుంది. వాటి ఆయుష్షు మహా అయితే కొద్ది రోజులు. అందుకని ఆ కర్మాగారం ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి.

ఈ నాలుగో కాపలా ఎంత ముఖ్యమో ప్రకృతే ఒక ఉదాహరణ చూపించింది. కొందరు పిల్లలు పుట్టుకతోనే ఒక లోపంతో పుడతారు. వాళ్ళకు న్యూట్రోఫిల్‌లు కావలసినన్ని ఉంటాయి. కాని ఆ ఆక్సిజన్ ఆయుధం మాత్రం తయారు కాదు. ఆస్పెర్జిల్లస్ అలాంటి పిల్లల ఊపిరితిత్తులను పదేపదే పట్టుకుంటుంది. సైనికులున్నా చేతిలో తుపాకి లేకపోతే ఏం లాభం?

కాపలాలన్నీ సరిగానే ఉన్నా బీజాలు మితిమీరి పోతే చిక్కే. 19వ శతాబ్దం చివర పారిస్‌లో పావురాలకు నోటితో మేత పెట్టే పనివాళ్ళుండేవారు. గింజలు, నీళ్ళు తమ నోట్లో పోసుకుని పావురం ముక్కులోకి ఊదేవారు. అదే వాళ్ళ జీవనోపాధి. క్షయలాంటి జబ్బుతో వచ్చిన అలాంటి పనివాళ్ళను పరీక్షించి, అది క్షయ కాదనీ, గింజల మీది ఆస్పెర్జిల్లస్ అనీ 1890లో ఫ్రెంచి వైద్యులు ప్రకటించారు. మన దేశంలో ఇంకొక రూపం కనిపిస్తుంది. క్షయ నయమైనా ఊపిరితిత్తిలో గుంట మిగిలిపోయిన వాళ్ళకు, ఆ గుంటలో ఈ బూజు ఉండలా పెరగవచ్చు. మళ్ళీ దగ్గు, కఫంలో నెత్తురు మొదలైతే క్షయ తిరగబెట్టిందని పొరబడే ప్రమాదముంది. అయితే ఇవి ఏళ్ళ తరబడి నెమ్మదిగా సాగే జబ్బులు. అసలు ప్రమాదం వేరే చోట ఉంది.

కాపలా లేని ఇల్లు

మీ తరగతిలో ఒక అమ్మాయికి ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్ వచ్చిందనుకోండి. ఎముక మూలుగలో పనికిరాని తెల్లకణాలు కలుపు మొక్కల్లా పెరిగిపోతున్నాయి. వైద్యులు వాటిని చంపడానికి మందులిస్తారు.

ఈ మందుల చరిత్రలో మన తెలుగువాడి పేరుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి నాయకత్వం వహించాడు. కణాలు విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ కావాలి. దానికి వేషధారిలాంటి పదార్థాన్నిచ్చి కణాన్ని మోసగిస్తే విభజన ఆగిపోతుంది. అలాంటి అమినోప్టెరిన్ అనే పదార్థాన్ని ఆయన బృందం తయారు చేసింది. బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు దాన్ని ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి చూసి, 16 మందిలో 10 మందికి కొంతకాలం గుణం కనిపించిందని 1948లో ప్రకటించాడు. అంతవరకు ఆ జబ్బుకు మందే లేదు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్‌ను ఇవాళ్టికీ వాడుతున్నారు. మంచి వైద్యం అందిన చోట ఇప్పుడు ల్యుకేమియా వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది నయమై బడికి తిరిగి వస్తున్నారు.

కాని కలుపు మందు చల్లితే పైరుకు కూడా దెబ్బ తగులుతుంది గదా. వేగంగా విభజన చెందే కణాలను చంపే మందు న్యూట్రోఫిల్‌ల కర్మాగారాన్ని కూడా కొంతకాలం మూసేస్తుంది. ఆరోగ్యవంతుల్లో ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో రెండు వేల నుంచి ఏడు వేల దాకా న్యూట్రోఫిల్‌లు ఉంటాయి. ఆ సంఖ్య 500 కన్నా తగ్గి పది రోజులకు పైగా అలాగే ఉండిపోతే, ఆస్పెర్జిల్లస్‌కు తలుపు తెరిచినట్టే.

అప్పుడు జరిగేది ఇది. మొలిచిన తంతువును ఆపేవారు లేరు. అది కొమ్మలు వేసుకుంటూ వాయుగోణి గోడను చీల్చుకుని రక్తనాళంలోకి దూరుతుంది. నాళం లోపల నెత్తురు గడ్డకడుతుంది. ఆ నాళం మీద ఆధారపడిన ఊపిరితిత్తి ముక్క, నీటికాలవ పూడిపోయిన మడిలాగా, చచ్చిపోతుంది. విరిగిన తంతువు ముక్కలు నెత్తురులో కొట్టుకుపోయి మెదడు దాకా చేరవచ్చు. తెల్లకణాలు పడిపోయిన రోగిలో ఇలా ఒళ్ళంతా పాకిన ఆస్పెర్జిల్లస్‌ను వైద్యులు 1953లోనే వర్ణించారు. ఆ తరువాత క్యాన్సర్ మందులు, మూత్రపిండాల మార్పిడి, మూలుగ మార్పిడి పెరిగినకొద్దీ ఈ జబ్బు కూడా పెరిగింది. ఎందుకంటే, ఇతరుల అవయవాన్ని శరీరం తోసిపుచ్చకుండా ఉండాలంటే కాపలాదారులను మందులతో జోకొట్టి ఉంచాలి మరి. అంటే ఇది ఒక రకంగా వైద్యం సాధించిన విజయాల వెంట వచ్చిన జబ్బు.

ఇందులో ఇంకొక తిరకాసుంది. మనకు న్యుమోనియా వస్తే జ్వరం, దగ్గు, కఫం, ఎక్స్‌రేలో తెల్లని మచ్చ కనిపిస్తాయి. నిజానికి ఆ కఫం, ఆ మచ్చ చాలావరకు మన తెల్లకణాలు చేసిన యుద్ధం తాలూకు గుర్తులే. సైన్యమే లేని చోట యుద్ధం గుర్తులెక్కడివి? అందుకని ఇలాంటి రోగిలో తగ్గని జ్వరం ఒక్కటే కనిపించవచ్చు. ఎక్స్‌రే మొదట్లో శుభ్రంగా ఉండవచ్చు. యాంటిబయాటిక్‌లు ఇచ్చినా జ్వరం దిగకపోతే వైద్యులు సి.టి. స్కాన్ తీయిస్తారు, బూజు గోడ నుంచి రాలే ఒక చక్కెర పదార్థం కోసం నెత్తురును పరీక్షిస్తారు. పరీక్ష పూర్తిగా తేలేదాకా ఆగకుండా, అనుమానం మీదనే మందు మొదలుపెట్టవలసి రావచ్చు.

ఏ కాపలా పోతే ఏ బూజు?

కాపలాలన్నీ ఒకటే కావనీ, ఏది బలహీనపడితే దానికి తగిన శిలీంధ్రం వస్తుందనీ చూపించే కథ ఇంకొకటుంది. ఇది మరీ విచిత్రమైనది.

న్యుమోసిస్టిస్ అనే జీవిని 1909లో బ్రెజిల్ దేశంలో కార్లోస్ షాగస్ మొదట చూశాడు. చూశాడుగాని, తాను పరిశోధిస్తున్న వేరొక పరాన్నజీవిలో ఒక దశ అనుకున్నాడు. 1912లో పారిస్‌లో ఇది వేరే జీవి అని తేల్చారు. చాలాకాలం దాన్ని ప్రోటోజోవాలలో, అంటే అమీబా వంటి ఏకకణ జీవుల్లో చేర్చారు. 1988లో దాని ఆర్.ఎన్.ఏ. ను పోల్చి చూస్తే అది శిలీంధ్రమని తేలింది! దాన్ని రొట్టె మీద కాదుగదా, ప్రయోగశాలలో మామూలు పద్ధతుల్లో కూడా పెంచలేరు. మనలో చాలామందికి చిన్నతనంలోనే అది ఒకసారి సోకి, తెలియకుండానే పోయి ఉంటుంది.

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తన వారపత్రికలో ఒక చిన్న నివేదిక అచ్చువేసింది. లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకు న్యుమోసిస్టిస్ న్యుమోనియా వచ్చిందని దాని సారాంశం. అంతకు ముందు వాళ్ళు ఆరోగ్యవంతులే. అందులో వింతేమిటంటారా? ఆ న్యుమోనియా అప్పటివరకు రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్న వారికే వచ్చేది. దానికి వాడే పెంటమిడిన్ అనే అరుదైన మందు ఆ కేంద్రం దగ్గరే దొరికేది. కారణం తెలియని రోగుల కోసం ఆ మందు కావాలని అభ్యర్థనలు ఎక్కువగా రావడం అక్కడి ఉద్యోగిని ఒకామె గమనించింది. ఇదంతా ఎయిడ్స్ అనే కొత్త వ్యాధికి తొలి గుర్తు. ఎయిడ్స్ వైరస్‌ను 1983లో గాని కనిపెట్టలేదు. దొంగ ఇంకా కనిపించలేదు. కాపలా పోయిందన్న కబురు మాత్రం ఒక శిలీంధ్రం ముందుగా చెప్పిందన్నమాట.

ఆ వైరస్ చంపేది న్యూట్రోఫిల్‌లను కాదు, సి.డి. 4 అనే మరో రకం తెల్లకణాలను. ఇవి ఇతర కణాలకు ఆజ్ఞలిచ్చే సేనాపతుల్లాంటివి. ఘన మిల్లీమీటరుకు వీటి సంఖ్య 200 కన్నా తగ్గితే న్యుమోసిస్టిస్ భయం పెరుగుతుంది. సంతోషించవలసిన విషయమేమంటే దీన్ని రాకుండానే ఆపవచ్చు. కోట్రైమాక్సజోల్ అనే చవక మాత్ర ఉంది. 1977లో అమెరికాలో క్యాన్సర్ పిల్లల మీద జరిగిన ఒక పరీక్షలో ఈ మాత్ర వేసుకున్న 80 మందిలో ఒక్కరికి కూడా న్యుమోసిస్టిస్ న్యుమోనియా రాలేదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 80 మందిలో 17 మందికి వచ్చింది. ఈ మాత్ర పనిచేసే దారి ఏదనుకున్నారు? సూక్ష్మజీవి ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసుకుని వాడుకునే దారికే అడ్డం పడుతుంది. సుబ్బారావు బృందం శోధించిన విటమినే!

ఇక 2021 వేసవి మీకు గుర్తుండే ఉంటుంది, లేకపోతే ఇంట్లో పెద్దవాళ్ళనడగండి. కోవిడ్ రెండో విజృంభణలో మన దేశంలో బ్లాక్ ఫంగస్ అనే మాట ప్రతి ఇంటా వినిపించింది. జూన్ నెలాఖరుకే దేశంలో 40 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. తెలంగాణలో హైదరాబాదు కోఠీలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రిని దానికి ముఖ్య చికిత్సాకేంద్రం చేశారు. వైద్యుల భాషలో ఆ జబ్బు మ్యూకర్‌మైకోసిస్. పత్రికలు పెట్టిన పేరు నాకు నచ్చలేదు. ఆ శిలీంధ్రం నల్లనిది కాదు. రక్తనాళాలు మూసుకుపోయి చచ్చిన మన కండే నల్లబడుతుంది. రొట్టె మీద పత్తిలా పెరిగే బూజుకు ఇది దగ్గరి చుట్టం. ఎక్కువమందికి ముక్కు పక్క గదుల్లోను, కంటిలోను వచ్చింది. కొందరికి ఊపిరితిత్తుల్లో వచ్చింది. అదుపులో లేని మధుమేహంలో న్యూట్రోఫిల్‌లు మందగిస్తాయి. నెత్తురులో ఆమ్లాలు పెరిగితే ఈ బూజుకు ఇష్టమైన ఇనుము విడిపడుతుంది. దాని మీద స్టీరాయిడ్‌లు తోడయ్యాయి. ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులను స్టీరాయిడ్ నిజంగానే బతికించింది. కాని అవసరం లేనివాళ్ళు కూడా, ఎక్కువ మోతాదులో, ఎక్కువ రోజులు, కొన్నిచోట్ల మందుల షాపులో అడిగి కొనుక్కుని వాడారు. కాపలాదారుకు నిద్రమాత్ర ఇచ్చే ముందు ఎవరో ఒకరు లెక్క చూడాలి గదా!

చుట్టాన్ని చంపే మందు

బాక్టీరియాలను చంపే మందులు అన్ని ఉన్నాయే, శిలీంధ్రాలను చంపేవి ఎందుకు తక్కువ? బాక్టీరియా మనకు చాలా దూరపు జీవి. దాని గోడ వేరు, దాని యంత్రాంగం వేరు. పెన్సిలిన్ ఆ గోడను పడగొడుతుంది, మనకు అలాంటి గోడే లేదు కనుక మనకు హాని లేదు. శిలీంధ్రాలు అలా కాదు. జీవవృక్షంలో అవి మొక్కలకన్నా జంతువులకే దగ్గర. వాటి కణంలో కేంద్రకం ఉంటుంది, మన కణంలోనూ ఉంటుంది. వాటికి విషమైనది మనకూ విషం కావచ్చు.

ఒక చిన్న తేడా దొరికింది. మన కణాల పొరలో కొలెస్టరాల్ ఉంటే వాటి పొరలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. వెనిజులాలో ఓరినోకో నదీ ప్రాంతపు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి 1950ల్లో తీసిన ఆంఫోటెరిసిన్ బి అనే మందు ఈ ఎర్గోస్టెరాల్‌ను పట్టుకుని పొరను పాడుచేస్తుంది. కాని కొలెస్టరాల్‌ను కూడా కొంచెం పట్టుకుంటుంది. మందు ఎక్కిస్తుంటే రోగికి చలి, వణుకు, జ్వరం వచ్చేవి, మూత్రపిండాలు దెబ్బతినేవి. తరువాత దాన్ని కొవ్వు బుడగల్లో పొదిగి ఇవ్వడం నేర్చుకున్నారు, బాధ తగ్గింది. 2021లో మన ఆసుపత్రుల్లో కొరత వచ్చిన ఇంజెక్షన్ ఇదే. న్యుమోసిస్టిస్ మీద మాత్రం ఇది పనిచెయ్యదు, ఎందుకంటే దాని పొరలో ఎర్గోస్టెరాల్ లేదు. అది శిలీంధ్రమని గుర్తించడం ఆలస్యం కావడానికి ఇదీ ఒక కారణం.

ఇంకొక జాతి మందులు అజోల్‌లు. ఇవి ఎర్గోస్టెరాల్ తయారీనే ఆపేస్తాయి. ఊపిరితిత్తుల్లో పాకే ఆస్పెర్జిల్లస్ జబ్బుకు వోరికొనజోల్ అనే అజోల్‌ను పాత ఆంఫోటెరిసిన్‌తో పోల్చిన పరీక్ష ఫలితం 2002లో వెలువడింది. పన్నెండు వారాల తరువాత పాత మందు తీసుకున్న వాళ్ళలో నూటికి 58 మంది, కొత్త మందు తీసుకున్న వాళ్ళలో నూటికి 71 మంది బతికి ఉన్నారు. మంచిదే. కాని ఆ రెండో అంకెను ఇంకొకసారి చూడండి. మంచి మందు ఇచ్చినా పోయినవాళ్ళు నూటికి 29 మంది.

ఇక్కడ మన వరిపొలాలకు కూడా సంబంధం ఉంది. వరిలో పాముపొడ తెగులు వస్తే రైతులు హెక్సాకొనజోల్ కొడతారు. పేరు చివర చూశారా? అది కూడా అజోలే. తెగులు కూడా శిలీంధ్రమే గనుక మందూ ఆ జాతిదే. పొలంలో, పెంటకుప్పలో ఉండే ఆస్పెర్జిల్లస్ ఏళ్ళ తరబడి ఈ మందుల మధ్య బతికి, వాటికి లొంగని రకాలు తయారయ్యాయి. నెదర్లాండ్స్‌లో ముందు గుర్తించారు. 2012లో ఢిల్లీ పరిశోధకులు మన దేశపు మట్టిలోను, గాలిలోను అలాంటి రకాలున్నాయని ప్రకటించారు. ఆ బీజాన్ని పీల్చిన రోగికి వోరికొనజోల్ సరిగా పనిచెయ్యకపోవచ్చు, ఆ రోగి జన్మలో ఆ మందు వాడి ఉండకపోయినా సరే. పైరును తెగులుకు వదిలెయ్యమని రైతుకు ఎవరూ చెప్పలేరు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొట్టమొదటిసారిగా ప్రమాదకరమైన శిలీంధ్రాల పట్టిక తయారు చేసి, 19 శిలీంధ్రాల్లో నాలుగింటిని అన్నిటికన్నా పై వరుసలో పెట్టింది. ఆ నాలుగింటిలో ఆస్పెర్జిల్లస్ ఫ్యూమిగేటస్ ఒకటి.

ఆ అమ్మాయి గదిలో

మన ల్యుకేమియా అమ్మాయి దగ్గరికి వద్దాం. ఆమెను చూడడానికి ఆసుపత్రికి వెళ్ళారు. పూలగుత్తి తీసుకెళ్ళారు. గుమ్మం దగ్గర నర్సు ఆపేసింది. కోపం తెచ్చుకోకండి. పూలకుండీ మట్టిలో, పూలసీసా నీళ్ళలో, వాడిన రేకుల మీద బూజు ఉంటుంది. ఆసుపత్రి పక్కన కొత్త భవనం కడుతున్నా, పాత గోడ పడగొడుతున్నా వైద్యులు కంగారు పడతారు. ఆ దుమ్ములో బీజాలు లేచి వార్డులో ఈ జబ్బు కమ్మిన సందర్భాలు చాలా దేశాల్లో ఉన్నాయి. మూలుగ మార్పిడి చేసే గదుల్లో హెపా జల్లెడలు అమర్చుతారు. 0.3 మైక్రాన్ల నలుసులు పదివేలు వస్తే వాటిలో మూడింటిని మాత్రమే అవి పోనిస్తాయి. మన బీజం అంతకు పది రెట్లు పెద్దది గనుక చిక్కుకోక తప్పదు. ఆమె గది దాటి బయటికి వచ్చినప్పుడు మాస్కు పెట్టుకుంటుంది. మీ నుంచి ఆమెకు ఈ జబ్బు అంటుతుందని కాదు. ఆస్పెర్జిల్లస్ మనిషి నుంచి మనిషికి పాకదు, గాలిలోంచే వస్తుంది. మీ జలుబు మాత్రం ఆమెకు అంటుతుంది. జలుబుంటే వెళ్ళకండి, ఉత్తరం రాయండి. ఇంటికి వచ్చాక కూడా కొన్నాళ్ళు పెంటకుప్ప, బూజుపట్టిన గడ్డివాము, ధాన్యం తూర్పారబట్టే చోటు ఆమెకు దూరంగా ఉండాలి.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా ఆమె ఊపిరితిత్తిలో బూజు పడిందే అనుకుందాం. వైద్యులు అజోల్ మందు ఎక్కిస్తూ రోజూ నెత్తురు పరీక్ష చేయిస్తారు. వాళ్ళు ఎదురుచూసేది ఒక అంకె కోసం. న్యూట్రోఫిల్‌లు 50, మరునాడు 80, ఆ తరువాత 200. మందు బూజును నిలబెట్టి ఉంచుతుంది. దాన్ని ఊడ్చి బయట పారేసే పని చాలావరకు ఆమె సొంత కణాలదే. అవి తిరిగి వచ్చాక స్కాన్‌లో ఒక మార్పు కనిపిస్తుంది. చచ్చిన కండను న్యూట్రోఫిల్‌లు చుట్టూ కోసి బతికిన ఊపిరితిత్తి నుంచి విడదీస్తాయి. ఆ సందులో గాలి చేరి, తెల్లని ముద్ద అంచున సన్నని నల్లని వంపు ఏర్పడుతుంది. ఆ సమయంలో నెత్తురు పడే ప్రమాదం ఉంది గనుక జాగ్రత్తగా కనిపెట్టి ఉంటారు. అయినా ఆ వంపును చూసి వైద్యులు కాస్త తేలికపడతారు, ఎందుకంటే అది న్యూట్రోఫిల్‌లు పనిలోకి వచ్చిన గుర్తు. ఎక్స్‌రే భాషలో దాని పేరు గాలి నెలవంక.